ముత్యాలు ఎడం చెయ్యి

ఇరవై రెండేళ్లు ఆ చేతిని
పైనుంచి చదివాను.
షిప్‌యార్డులో నా కేబిన్ తొంభై అడుగుల ఎత్తు.
అక్కణ్ణుంచి ముత్యాలు ముఖం ఆనదు,
పసుప్పచ్చ హెల్మెట్టూ, పక్కన చెయ్యీ, అంతే.
కుడిచేతిలో ఎప్పుడూ ఏదో ఒకటి ఉండేది:
బీడీయో, టీ గ్లాసో, కొత్త ఖలాసీ కుర్రాడి చొక్కా కాలరో.
ఎడంచెయ్యి మాత్రం నాది.

వేలు పైకి పెట్టి తిప్పితే ఎత్తు.
కిందికి పెట్టి తిప్పితే దించు.
నెత్తిమీద పిడికిలితో కొట్టుకుంటే పెద్ద కొక్కెం,
మోచేయి తడితే చిన్నది.
బొటనవేలూ చూపుడువేలూ కలిపి విడదీస్తుంటే
మెల్లగా, ఇంకా మెల్లగా,
నిద్రపోయిన పిల్లని ఉయ్యాల్లో వేసినట్టు.
పిడికిలి బిగిస్తే
ఆపు. ఊపిరి కూడా.

ఒక మే నెల మధ్యాహ్నం
యారాడ కొండ వెనకనుంచి గాలి విరుచుకుపడింది.
తాడుకి ఇనప పలక, పలక కింద ఇద్దరు వెల్డర్లు.
ముత్యాలు పిడికిలి ఎత్తాడు.
హెల్మెట్టు ఎగిరిపోయింది, పట్టించుకోలేదు.
వానలో ఆ పిడికిలి ఒక్కటే కదలనిది,
ఓడ కదిలింది, సముద్రం కదిలింది, నేనూ వణికాను.
తర్వాత వాచీ చూస్తే పదకొండు నిమిషాలు.

మొన్న గురువారం, మల్కాపురంలో టీ కొట్టు దగ్గర
ఆ చెయ్యి గ్లాసుని రోడ్డు దాటించిందట.
పొద్దున్నే మొదలెట్టేశాడన్నారు.
పోలమ్మ పూనిందని ఎవరో వేపమండలు తెచ్చారు.
ఆటో ఎక్కిస్తే డ్రైవరు చెవిమీద ఒకటి పడింది,
అతనూ ఊరుకోలేదు, తిరిగి ఒకటేశాడు.

కేజీహెచ్‌లో చిన్న డాక్టరమ్మ
తన బొటనవేలి గోరు చూపించి చెప్పింది,
మెదడులో ఇంత చోట నెత్తురాడలేదని.
చిక్కుడుగింజంత.
ఆ గింజ పనేటమ్మా అని లోవమ్మ అడిగితే
ఒక్క క్షణం ఆలోచించి,
"వద్దని చెప్పడం" అంది.

చెయ్యి భుజం దగ్గర్నుంచి లేస్తుంది,
ఎవరో విసిరేసినట్టు.
మంచం కమ్మీకి తగిలి మణికట్టు కమిలింది.
లోవమ్మ కమ్మీకి పాత తువ్వాళ్లు చుట్టింది,
చేతిని చీరకొంగుతో కట్టింది,
కొంగు చిరిగాక తనే పట్టుక్కూచుంది.
ఎదుటి మంచం మీది గుంటడు
తనకే టాటా చెబుతున్నాడనుకుని
చెప్పినన్నిసార్లూ తిరిగి చెబుతున్నాడు,
విసుగన్నది లేకుండా.

నేను స్టూలు మీద కూచున్నాను.
ఎత్తమంది. దించమంది. ఎడమకి తిప్పమంది.
నెత్తిమీద కొట్టుకుంది, పెద్ద కొక్కెం.
సిగ్గు విడిచి చెప్పాలంటే
నా కుడిచెయ్యి గాల్లో లివరు కోసం తడుముకుంది.
ముత్యాలు చూశాడు.
"ఒరే, దాన్ని నమ్మకు.
అది నేను సెప్తంది కాదు" అన్నాడు.
మరి నువ్వేం చెబుతున్నావురా అంటే
కుడి పిడికిలి బిగించి చూపించాడు,
ఎడంచేతికి.
అది ఆ భాష మర్చిపోయింది.

మూడింటికి నిద్ర పట్టింది.
చెయ్యి దుప్పటి మీద పడుకుంది,
అరచెయ్యి పైకి, వేళ్లు కొంచెం ముడుచుకుని,
వానకి తడిసిన గ్లౌజులా.
"పడుకుంటే ఆగిపోద్ది బాబూ,
అందుకే మందేళైనా నేపను" అంది లోవమ్మ,
పొద్దున్నుంచి ముట్టని క్యారేజీ అప్పుడు విప్పింది.
కిటికీలోంచి రేవులో క్రేను కనిపిస్తోంది,
దాని మెడ ఎవరి చేతికోసమో వంగి ఉంది.

నర్సు ట్రే పట్టుకుని వచ్చింది,
లేపండి, మాత్ర వెయ్యాలి అంది.
నేను పిడికిలి ఎత్తాను.
ఆ పిల్ల నా పిడికిలినీ, నా ముఖాన్నీ చూసి
ఏటండీ అంది.